స్టాంపు కాగితం మీద కాపురం తెగదు: కోనసీమ గ్రామ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన పెద్దలకు నమస్కారములు.

గౌతమికీ వసిష్ఠకూ నడుమనున్న మన ఊళ్లలో ఆలుమగల మధ్య గొడవ ఏదైనా పోలీసు స్టేషనుకో కోర్టుకో చేరేలోగా ముందు మీ దగ్గరికే వస్తుంది. రామాలయం అరుగు మీదకో, చర్చి పక్కనున్న కమ్యూనిటీ హాలులోకో, కాకపోతే మీలో ఒకరి ఇంటి వసారాలోకో. “పెద్దల్లో పెట్టామండి” అన్న మాట, నేను వకాలతు పుచ్చుకున్న దాదాపు ప్రతి కాపురపు కేసులోనూ మొదటి పది నిమిషాల్లోనే వినబడుతుంది. మీలో కొందరు నాకు బాబాయి వరస, కొందరు మావయ్య వరస. మీ కొబ్బరితోటల గట్ల మీదుగానే నేను బడికి నడిచి వెళ్లాను. ఇరవై రెండేళ్లుగా అమలాపురం కోర్టుల్లో న్యాయవాదిగా ఉంటూ, మీ తగవులు, అంటే పెద్దల పంచాయితీలు, ముగిశాక మిగిలిన కాగితాలు చేతపట్టుకుని వచ్చిన ఆడవాళ్లతోనూ మగవాళ్లతోనూ మాట్లాడుతూ వచ్చాను కాబట్టి, ఈ ఉత్తరం రాయడానికి నాకు చనువూ ఉంది, బాధ్యతా ఉంది.

నేను రాస్తున్నది ఒక్క రకం తగవు గురించే. భార్య గానీ భర్త గానీ పరాయి మనిషితో సంబంధం పెట్టుకున్నారన్న ఆరోపణతో మీ ముందుకు వచ్చే తగవు అది. గట్టు తగాదాలోనో నీళ్ల వంతులోనో మీ మాట పొరపాటైతే మరుసటి సాలుకు దిద్దుకోవచ్చు. ఇందులో పొరపడితే దిద్దుబాటు ఉండదు. ఇలాంటి తగవుల్లో మీరు సాధారణంగా రెండే దారులు చూపిస్తున్నారు. మొదటిది, “సర్దుకుపోండి” అని ఇద్దరినీ మళ్లీ ఒకే ఇంటికి పంపడం. రెండోది, అది కుదరనప్పుడు స్టాంపు కాగితం మీద సంతకాలు పెట్టించి విడగొట్టడం. మీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ మోసపోయిన మనిషికి చట్టం ఇచ్చిన హక్కు, ఆ మనిషికి తెలియకుండానే, ఈ రెండు దారుల్లోనూ జారిపోతోంది. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పినట్టు లేదు.

నాకు పదకొండో ఏట జరిగినది ఒకటి చెప్పాలి. మా పిన్ని భర్త పక్క లంకలో మరో సంసారం పెట్టాడని ఊరందరికీ తెలిశాక మా తాతయ్య తగవు పెట్టించాడు. పిన్ని భర్త బల్ల మీద కూర్చున్నాడు. పిన్ని కింద చాప మీద కూర్చుంది. తప్పు చేసిన మనిషి బల్ల మీదా, నష్టపోయిన మనిషి చాప మీదా ఎందుకు కూర్చోవాలో ఆ రోజు అక్కడున్న ఒక్కరికీ తోచలేదు. “ఆడదానివి, గుట్టుగా నెట్టుకు రావాలమ్మా” అని చెప్పి, ఆయన చేత కర్పూరం ఆర్పించి ప్రమాణం చేయించి, పిన్నిని ఆయన వెంట పంపించారు. ఆరు నెలలకు మళ్లీ తగవు, ఏడాదికి మళ్లీ తగవు. చివరికి పెద్దలే విసిగిపోయి ఒక స్టాంపు కాగితం రాయించి, కొంత డబ్బు చేతిలో పెట్టి, “ఇక నీ దారి నీది” అన్నారు. పిన్ని ఆ తర్వాత లేసు అల్లి ఇద్దరు పిల్లల్ని పెంచింది. ఆ కాగితాన్ని ఆమె విడాకులే అనుకుంది, బతికినన్నాళ్లూ.

న్యాయశాస్త్రం చదివే రోజుల్లో 1955 నాటి హిందూ వివాహ చట్టంలోని 23వ సెక్షన్ దగ్గర నేను ఆగిపోయాను. జీవిత భాగస్వామి పరాయి సంబంధం కారణంగా విడాకులు అడిగే మనిషి ఆ తప్పుకు తోడ్పడి ఉండకూడదని, చూసీ చూడనట్టు ఊరుకుని ఉండకూడదని, దాన్ని క్షమించి ఉండకూడదని, కేసు వేయడంలో సరైన కారణం లేకుండా జాప్యం చేసి ఉండకూడదని ఆ సెక్షన్ చెబుతుంది. క్షమించడమంటే నోటితో మన్నించానని అనడం ఒక్కటే కాదు. తప్పు చేసిన మనిషికి మునుపటి స్థానాన్ని తిరిగి ఇవ్వడం కూడా అందులో భాగమని, తప్పు తెలిసి కూడా మామూలుగా కాపురం సాగిస్తే అది క్షమ కిందకే రావచ్చునని సుప్రీంకోర్టు 1975లో దాస్తానే కేసులో వివరించింది. అది క్రూరత్వం ఆరోపణ మీద నడిచిన కేసే అయినా, క్షమ గురించి అక్కడ చెప్పిన సూత్రమే ఇక్కడా వర్తిస్తుంది. అంటే, మీరు “సర్దుకుపో” అని పంపిన ఆ రాత్రి నుంచే మోసపోయిన భార్య కేసు బలహీనపడటం మొదలవుతుంది. రెండేళ్ల తర్వాత ఆమె కోర్టుకు వస్తే అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న ఇదే: “అన్నీ తెలిసి కూడా మీరు అతనితో కలిసి ఉన్నారు కదా?”

అదే తీర్పు మరో మాట కూడా చెప్పింది. ఆ క్షమకు ఒక షరతు ఉంటుంది: తప్పు మళ్లీ జరగకూడదు. మళ్లీ జరిగితే క్షమించిన పాత తప్పు కూడా తిరిగి ప్రాణం పోసుకుంటుంది. మా పిన్ని విషయంలో ఆ హక్కు రెండోసారి తగవు నాటికే ఆమె చేతిలో ఉంది. అరుగు మీద కూర్చున్న వాళ్లలో ఒక్కరికి ఈ సంగతి తెలిసి ఉన్నా ఆమె జీవితం వేరుగా ఉండేది.

నేను కాపురాలు నిలబెట్టవద్దని అనడం లేదు. భార్యాభర్తలు తమంతట తాము మనసు కలుపుకుంటే దానికంటే కావలసినది లేదు. కోర్టు కూడా విడాకుల కేసు చేతిలోకి తీసుకున్నాక ముందుగా రాజీకే ప్రయత్నిస్తుంది, అది దాని విధి. కానీ కలపడానికి ముందు ఆ మనిషిని చాటుకు పిలిచి, కలిసి ఉంటే చట్టంలో దాని అర్థం ఏమిటో, మళ్లీ జరిగితే ఏ దారి మిగులుతుందో చెప్పి, ఆలోచించుకోవడానికి గడువు ఇవ్వాలి. ఇంకొకటి, చెప్పడానికి కష్టమైనా చెప్పక తప్పదు. అవతలి మనిషి నుంచి జబ్బు ఏమైనా సోకిందేమో ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా, గుట్టుగా పరీక్ష చేయించుకోమని చెప్పకుండా భార్యను భర్త దగ్గరికి తిరిగి పంపడం ఆమె ప్రాణంతో ఆడుకోవడమే అవుతుంది.

ఇప్పుడు చట్టం ఎక్కడ నిలబడి ఉందో చెబుతాను, ఎందుకంటే మీలో సగంమంది పాత చట్టం చెబుతున్నారు, మిగిలిన సగంమంది అసలు చట్టమే లేదంటున్నారు. 1860 నాటి శిక్షాస్మృతిలో 497వ సెక్షన్ ఉండేది. మరొకరి భార్యతో, ఆ భర్త అనుమతి లేకుండా, సంబంధం పెట్టుకున్న మగవాడికి ఐదేళ్ల వరకు జైలు శిక్ష పడేది. భర్త తప్పు చేస్తే భార్య ఫిర్యాదు చేయడానికి ఆ సెక్షన్‌లో దారే లేదు, ఎందుకంటే అది భార్యను భర్త సొత్తుగా చూసిన చట్టం. సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2018 సెప్టెంబర్ 27న జోసెఫ్ షైన్ కేసులో దాన్ని కొట్టివేసింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం లేదు. కాబట్టి “నీ మీద కేసు పెట్టి లోపల వేయిస్తాం” అని తగవులో బెదిరించడానికి ఆధారం లేదు. అలాగని “ఇప్పుడది తప్పే కాదట” అన్న ప్రచారమూ నిజం కాదు. జైలుకు పంపే నేరం కాకపోయినా, వివాహ బంధాన్ని తెంచుకోవడానికి అది ఇప్పటికీ బలమైన కారణమే.

హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, పెళ్లయ్యాక భర్త గానీ భార్య గానీ ఇష్టపూర్వకంగా పరాయి వ్యక్తితో లైంగిక సంబంధం పెట్టుకుంటే రెండోవారు విడాకులు కోరవచ్చు. 1976 సవరణకు ముందు ఆ సంబంధంలోనే బతుకుతున్నట్టు చూపించవలసి ఉండేది. ఇప్పుడు ఒక్క సంఘటన రుజువైనా చాలు. మన డెల్టాలో క్రైస్తవ కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1869 నాటి విడాకుల చట్టం కింద క్రైస్తవ భర్తకు భార్య తప్పు ఒక్కటీ సరిపోయేది, భార్యకు మాత్రం భర్త తప్పుతో పాటు క్రూరత్వమో, వదిలివేయడమో మరొకటి రుజువు చేయవలసి వచ్చేది. 2001లో ఆ తేడా తీసేశారు. అయినా, పాత మాటే ఇప్పటికీ కొన్ని ఊళ్లలో పెద్దల నోట వింటున్నాను.

అసలు సంబంధం ఉందో లేదో తేల్చడం ఎలా అన్నది మిమ్మల్ని ఎక్కువగా తికమక పెట్టే విషయం. రొయ్యల చెరువు కాపలాకు రాత్రిళ్లు గట్టు మీదే ఉండే మనిషి ఇంట్లో లేకపోవడం రుజువు కాదు. ఫోనుకు తాళం వేసుకోవడం, ఎవరో చెల్లెమ్మా అని పిలిచి పలకరించడం, కొత్త చీర కట్టుకోవడం, ఇవేవీ రుజువులు కావు. ఇలాంటివి పోగేసి అరుగు మీద చదివితే అనుమానం పెరుగుతుందే తప్ప నిజం బయటపడదు. కోర్టు చూసేది వేరు. సంబంధానికి అవకాశమూ, అటువైపు మొగ్గూ రెండూ ఉన్నట్టు చూపించే పరిస్థితులు కలిపి చూస్తుంది. జీతం నుంచి నెలనెలా ఒకే ఖాతాకు వెళ్తున్న డబ్బు, వేరే ఊళ్లో తీసుకున్న అద్దె ఇంటి ఒప్పందం, లాడ్జి రిజిస్టరు, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ జనన నమోదులో తండ్రిగా రాయించిన పేరు, ఇద్దరి మధ్య నడిచిన ఉత్తరాలు, సందేశాలు. హత్య కేసులో లాగా అనుమానానికి తావు లేకుండా రుజువు చేయనక్కర లేదు. ఏది ఎక్కువ సంభవమో చూసి తేలుస్తారని ఆ దాస్తానే తీర్పులోనే ఉంది. కానీ ఆ సంభవాన్ని చూపించే కాగితం చేతిలో ఉండాలి. తగవు మొదలైన రోజే అవతలివాళ్లు జాగ్రత్త పడి ఆ కాగితాలు మాయం చేస్తారు. మీ ముందు మూడు నెలలు నడిచిన తగవు అంటే, రుజువులు చెరిపేసుకోవడానికి దొరికిన మూడు నెలల గడువు.

ఫోను విషయంలో జాగ్రత్తగా వినండి. భార్యాభర్తల మధ్య రహస్యంగా రికార్డు చేసిన సంభాషణను వారి కాపురపు కేసులో సాక్ష్యంగా పరిశీలించవచ్చునని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఫోనులోని దేనినైనా కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అసలు ఫోనును, అందులోని అసలు ఫైలును పదిలంగా ఉంచుకోవాలి. అరుగు మీద ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి ఫోను తిప్పి, కావలసినది ఉంచి అక్కరలేనిది చెరిపేస్తే ఆ సాక్ష్యం అక్కడే పాడవుతుంది. ఇక, నేను ఎంతో బాధతో చెబుతున్న మాట: ఒక తగవులో చూపించిన ఫొటోలు ఆ సాయంత్రానికే ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగాయి. అలాంటి అశ్లీల చిత్రాలను పంపడం సమాచార సాంకేతిక చట్టం కింద శిక్షార్హమైన నేరం. తప్పు ఎవరిదో తేల్చడానికి కూర్చున్న పెద్దలే అక్కడ నిందితులు కావచ్చు. ఆ అమ్మాయికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఆమె పుట్టింటివాళ్లు ఊరు మారారు.

“డీఎన్ఏ పరీక్ష చేయిద్దాం, తేలిపోతుంది” అన్న మాట కూడా ఈమధ్య తగవుల్లోకి వచ్చింది. పెళ్లి నిలబడి ఉండగా పుట్టిన బిడ్డను ఆ భర్త బిడ్డగానే చట్టం భావిస్తుంది. గర్భం వచ్చే కాలంలో భార్యాభర్తలకు కలుసుకునే వీలే లేదని చూపితే తప్ప ఆ భావన చెరగదు. భార్య తప్పు రుజువు చేయడం కోసం బిడ్డ రక్తాన్ని వాడుకోకూడదని, అలాంటి పరీక్షకు మామూలుగా ఆదేశించకూడదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కోర్టే ఇంత వెనకాడే పనిని, ఆ బిడ్డ ఎదురుగా నిలబడి ఉండగా, మీరు నలుగురిలో ఎలా అడగగలుగుతున్నారు? ఆ మాట పెద్దవాళ్లు మరచిపోవచ్చు. బిడ్డకు మరపు రాదు.

ఇక స్టాంపు కాగితం సంగతి. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి కోర్టు డిక్రీతోనే రద్దవుతుంది. 29వ సెక్షన్ కొన్ని కులాల ఆచారం ప్రకారం వచ్చే విడాకులను కాపాడుతుందన్నది నిజమే. కానీ అలాంటి ఆచారం అనాదిగా, ఎడతెగకుండా నడుస్తోందని సాక్ష్యాలతో రుజువు చేయాలి. మీరు ఆ రోజు కూర్చుని నిర్ణయించినది ఆచారం కాదు. మీ కాగితాన్ని నమ్మి ఇద్దరిలో ఎవరు మళ్లీ పెళ్లి చేసుకున్నా ఆ పెళ్లి చెల్లదు. మొదటి భాగస్వామి ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. మొదటి పెళ్లి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ల వరకు. మారు మనువు చేసుకున్న ఆడపిల్ల ఏ పాపమూ ఎరగకుండా, చట్టం లెక్కలో భార్యే కాకుండా పోతుంది. పుట్టిన పిల్లలను చట్టం కాపాడుతుంది, తల్లికి మాత్రం భార్య హోదా దక్కదు. “ఇకమీదట మనోవర్తి అడగను” అని ఆ కాగితంలో రాయించుకున్నంత మాత్రాన కోర్టు దానికి కట్టుబడి ఉండదని చెప్పే తీర్పులు చాలా ఉన్నాయి. మరి అంత హడావిడిగా ఎవరి ప్రయోజనం కోసం అది రాయిస్తున్నారు? ఇద్దరికీ ఇష్టమై విడిపోదలచుకుంటే, ఏడాది విడిగా ఉన్నాక పరస్పర అంగీకారంతో 13బి సెక్షన్ కింద కోర్టులో అడగవచ్చు. ఆ తర్వాతి ఆరు నెలల గడువును తగిన సందర్భంలో తగ్గించే అధికారం కోర్టుకు ఉందని 2017లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ దారి మీ కాగితం కంటే నిదానం. కానీ దాని మీద నిలబడి మనిషి బతకవచ్చు.

కువైట్ వెళ్లిన ఒక తల్లి గురించి చెబుతాను. ఊరూ పేరూ చెప్పను. నాలుగేళ్లు అక్కడ ఇంటిపని చేసి పంపిన డబ్బుతో ఇక్కడ డాబా లేచింది, అది మామగారి స్థలంలో. ఆమె తిరిగి వచ్చేసరికి ఆ డాబాలో మరొక స్త్రీ కాపురం చేస్తోంది. భర్త ఆమెకంటే ముందే తగవు పెట్టించి, ఆమె అక్కడ తప్పుగా బతికిందని చెప్పాడు. మీలాంటి పెద్దలు ఇద్దరిదీ తప్పేనన్నారు, లెక్క సరిపోయిందన్నారు, ఆమెను పుట్టింటికి పంపేశారు. ఆమె నా దగ్గరికి వచ్చేనాటికి డబ్బు పంపిన రసీదులు ఆ డాబా బీరువాలోనే ఉండిపోయాయి. అతని సంబంధానికి సాక్ష్యం ఆ ఇంట్లోనే నిలబడి ఉంది; ఆమె తప్పుకు సాక్ష్యం అతని నోటిమాట ఒక్కటే. ఈ రెండూ ఎలా సమానమయ్యాయో నాకు ఇప్పటికీ బోధపడదు. రుజువు లేకుండా జీవిత భాగస్వామి శీలం మీద నింద వేయడం దానికదే మానసిక క్రూరత్వమని, అది విడాకులకు కారణమవుతుందని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. ఆ రోజు ఆ మాట తెలిసిన వాళ్లు అక్కడుంటే, తగవు పెట్టిన మనిషే జవాబు చెప్పుకోవలసి వచ్చేది.

ఆమెను పుట్టింటికి పంపడంలో మరో అన్యాయం ఉంది. భర్త మరో స్త్రీని ఉంచుకుంటే అతనితో కలిసి ఉండనని భార్య చెప్పడం న్యాయమైన కారణమేనని మనోవర్తి చట్టం, అంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్, స్పష్టంగా చెబుతుంది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 18వ సెక్షన్ కూడా, భర్త మరో స్త్రీని ఇంట్లో పెట్టుకున్నా, ఆమె దగ్గర అలవాటుగా ఉంటున్నా, భార్య వేరుగా ఉంటూనే మనోవర్తి పొందవచ్చునంటుంది. “కాపురానికి వెళ్లనంటే ఏమీ రాదు” అని మీరు చెప్పే మాటకు ఇది పూర్తి వ్యతిరేకం. 2005 నాటి గృహ హింస చట్టం ప్రకారం, ఆమె కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు ఆమెకుంది. ఇల్లు అత్తమామల పేరు మీద ఉన్నంత మాత్రాన ఆ హక్కు పోదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పసుపు కుంకుమల కింద పుట్టింటివారు రాసిచ్చిన పొలం, పెట్టిన బంగారం ఆమె సొంతం. తగవులో పంచడానికి అవి ఉమ్మడి ఆస్తి కావు. భార్య తప్పు చేసిన సందర్భంలో సైతం, ఆమె ఆ సంబంధంలోనే బతుకుతోందని భర్త రుజువు చేస్తేనే మనోవర్తి పోతుంది. ఎప్పుడో జరిగిన ఒక్క పొరపాటును చూపిస్తే చాలదు. పిల్లల మనోవర్తికి తల్లి తప్పుతో సంబంధమే లేదు.

మోసపోయిన భర్తల గురించి రాయకపోతే ఈ ఉత్తరం అన్యాయమవుతుంది. వాళ్లు మీ ముందుకు రావడానికే సిగ్గుపడతారు. వచ్చాక, “నీకు చేతకాకే” అని ఎవరో ఒకరు అనే మాట వాళ్లను కుంగదీస్తుంది, లేదా కత్తి పట్టిస్తుంది. ఇలాంటి అవమానం తర్వాత జరిగిన హత్య కేసులో పిల్లల తరఫున నేను కోర్టు మెట్లెక్కాను: తల్లి చితి మీదా, తండ్రి రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో. ఆ తండ్రికి కావలసినది రెండే మాటలు. ఒకటి, భార్యతో తెగతెంపులకు చట్టం నీకూ అంతే హక్కు ఇచ్చింది. రెండు, ఇందులో నీ మగతనానికి వచ్చిన లోటు లేదు. మొదటిది నేను చెప్పగలను. రెండోది ఊరి మగ పెద్దలు చెబితేనే అతని చెవికెక్కుతుంది. దయచేసి చెప్పండి.

“కోర్టుకెక్కితే పరువు పోతుంది” అన్న మాట మీరు నమ్మి చెబుతున్నారని నాకు తెలుసు. కానీ ఒక్కసారి పోల్చి చూడండి. హిందూ వివాహ చట్టం 22వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కేసులు తలుపులు మూసి వింటారు. అందులోని విషయాలు అచ్చువేయడం కూడా నిషిద్ధం. మీ తగవు వంద మంది ముందు జరుగుతుంది, పిల్లలు చెట్లెక్కి చూస్తారు. బెదిరించి జరిమానా కట్టించడం, బలవంతంగా గుండు గీయించడం, ఊరేగించడం వంటివి నేరాలు. ఇరుపక్షాల చేత ముందుగా ధరావతు కట్టించుకుని అందులోంచి పెద్దల ఖర్చులు తీయడం కూడా మానుకోవాలని చేతులు జోడించి అడుగుతున్నాను. ఉచితంగా న్యాయం దొరికే మనిషి చేత అప్పు చేయించి అన్యాయం కొనిపించినట్టవుతుంది.

ఆ ఉచిత న్యాయం ఎక్కడో లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్లకు, షెడ్యూల్డు కులాలు, తెగల వాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, తక్కువ ఆదాయమున్న మగవాళ్లకు కూడా, ప్రభుత్వ ఖర్చుతో వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణల్లోనే మండల న్యాయ సేవాధికార కమిటీలు ఉంటాయి. 15100 నంబరుకు ఫోను చేసినా సరే. భార్య తానుంటున్న ప్రాంతపు కోర్టులోనే విడాకుల కేసు వేయవచ్చు, భర్త ఊరికి తిరగనక్కర లేదు. దెబ్బలు, బెదిరింపులు ఉంటే 181, లేకపోతే 112.

మన భాషలో తగవు అన్న మాటకు పూర్వం న్యాయమనే అర్థం ఉండేది; న్యాయం చెప్పే మనిషిని తగవరి అనేవారు. ఆ అర్థంలో మీరు చేయగలిగినది చాలా ఉంది, కోర్టులు చేయలేనిది కూడా ఉంది. తగవు వచ్చిన రోజు ఇద్దరినీ ఒకే ఎత్తులో కూర్చోబెట్టండి, విడివిడిగా వినండి. ఆ రాత్రి ఎవరూ ఎవరి మీదా చేయి ఎత్తకుండా కాపలా ఉండండి. ఆమె బంగారం, బ్యాంకు పుస్తకం, ఆధార్, పాస్‌పోర్టు, పిల్లల సర్టిఫికెట్లు ఆమెకే అందేలా చూడండి. భర్త బాధితుడైతే అతనివీ అంతే. పిల్లల బడి మానిపించవద్దని గట్టిగా చెప్పండి. ఏం జరిగిందో, ఎవరేం చెప్పారో తేదీలతో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. తీర్పు మాత్రం రాయవద్దు. రేపు కోర్టు పిలిస్తే వెళ్లి చూసినది చూసినట్టు చెప్పండి. పల్లెలో కాపురపు కేసులు ఓడిపోవడానికి చట్టం కంటే, సాక్ష్యం చెప్పడానికి పెద్దమనుషులు ముందుకు రాకపోవడమే ఎక్కువ కారణమని ఇన్నేళ్లలో నాకు అర్థమైంది.

మీలో ఎవరి దగ్గరైనా మీరు రాయించిన పాత విడాకుల కాగితాలు ఇంకా ఉండే ఉంటాయి. వాటి నకళ్లు తీసి ఆ భార్యాభర్తలకు ఇచ్చి, అవి చెల్లవని, ఇప్పుడైనా కోర్టులో సరిచేసుకోవచ్చునని చెప్పండి. వాళ్లలో మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లుంటే ముందుగా వాళ్ల దగ్గరికి వెళ్లండి. ఏం చెప్పాలో తెలియకపోతే నాకు కబురు చేయండి. ఫీజు తీసుకోను. ఏటి అవతలి లంకకైనా, పంటు ఎక్కి వస్తాను.

ఇట్లు,
మీ ఊళ్ల ఆడపడుచు,
ఒక న్యాయవాది, అమలాపురం